ప్రాక్టీస్ స్క్వాడ్, మన షాడో రిసోర్సూ

నేను 2023లో ఆన్‌సైట్ మీద క్లీవ్‌లాండ్ వచ్చాను. ఇక్కడ సోమవారం పొద్దున ఆఫీసులో పని మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు. అందరికీ ఆదివారం జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ గొడవే. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీని నాలాంటివాడు వాళ్ళ మధ్య కాఫీ కప్పు పట్టుకుని వెర్రినవ్వు నవ్వుతూ నిలబడాల్సిందే. అలా ఎన్నాళ్ళని నవ్వుతాం? అందుకని ఆ ఏడాది చలికాలంలో కూర్చుని ఆట నేర్చుకున్నా. ఆట సంగతి అటుంచితే నన్ను పట్టుకుంది మాత్రం ఆ ఆట చుట్టూ ఉన్న ఉద్యోగాల రూల్సు. అందులోనూ ఒకటి మరీను. దాని పేరు ప్రాక్టీస్ స్క్వాడ్.

జరిగిందేంటంటే, 2023 నవంబరులో ఇక్కడి జట్టు బ్రౌన్స్ కి ముఖ్యమైన ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) భుజానికి దెబ్బ తగిలి ఆ సీజనంతటికీ దూరమైపోయాడు. అప్పుడు జో ఫ్లాకో అని 38 ఏళ్ళ ఆయన్ని తీసుకొచ్చారు. ఒకప్పుడు సూపర్ బౌల్ గెలిపించిన మనిషే, కానీ ఆ సీజన్లో ఏ జట్టూ పిలవక ఇంట్లో కూర్చున్నాడు. తీసుకురావడం కూడా జట్టులోకి కాదు, ప్రాక్టీస్ స్క్వాడ్ లోకి. మా క్లయింట్ ఆఫీసులో పక్క సీటు పెద్దాయన్ని "అంటే ఏంటండీ?" అని అడిగితే లంచ్ టైమంతా దాని గురించే చెప్పాడు. ఆయన చెప్తున్నంతసేపూ నాకొకటే అనిపించింది. ఓరి నాయనో, ఇది మన షాడో రిసోర్సు కదా! అని :)

ఐటీలో ఉన్నవాళ్ళకి షాడో అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకోసం ఒక్క ముక్క. ప్రాజెక్టులో పని చేస్తాడు, కానీ క్లయింట్ కి వాడి పేరు మీద బిల్లు వెళ్ళదు. కంపెనీ లెక్కలో వాడు సగం బెంచీ మీద ఉన్నట్టే. 2020లో హైదరాబాదులో నేను చేసింది అదే ఉద్యోగం. తొమ్మిది నెలలు.

అసలు రూల్సు ఇవీ

ఆ దేశంలో ప్రొఫెషనల్ లీగ్, అంటే ఎన్ఎఫ్ఎల్ లో, 32 జట్లు. వేసవిలో ఒక్కో జట్టు 90 మందితో శిక్షణ మొదలుపెడుతుంది. ఆగస్టు చివరికల్లా దాన్ని 53కి కుదించాలి. అంటే జట్టుకి 37 మంది చొప్పున దాదాపు 1,184 మందికి దగ్గర దగ్గరగా ఒకేసారి ఉద్యోగం పోతుంది. కబురు చెప్పడానికి వచ్చే మనిషికి ఆ లోకంలో ఒక ముద్దుపేరు కూడా ఉంది, 'ద టర్క్' అని. ఆయన తలుపు కొట్టాడంటే కోచ్ పిలుస్తున్నాడని అర్థం, సామాను సర్దుకోవాలని అర్థం. మనకి ఆర్ఎంజీ నుంచి "అలొకేషన్ అప్‌డేట్" అని మెయిలొస్తుందే, అలా.

అలా తీసేసిన కుర్రవాళ్ళు వెంటనే మన ఇష్టమొచ్చినట్టు దొరకరు. నాలుగు సీజన్ల అనుభవం నిండని వాళ్ళు ముందు 'వేవర్స్' అనే జల్లెడలోంచి వెళ్ళాలి. మిగతా 31 జట్లలో ఎవరైనా వాడిని తమ 53లోకి కావాలంటే తీసుకోవచ్చు. పోయిన ఏడు అధ్వాన్నంగా ఆడిన జట్టుకి ముందు అవకాశం. ఎవరూ అడక్కపోతేనే వాడు స్వతంత్రుడు. అప్పుడు పాత జట్టో, ఇంకో జట్టో ప్రాక్టీస్ స్క్వాడ్ లోకి రమ్మని పిలవచ్చు.

ఈ స్క్వాడ్ లో ఒకప్పుడు అయిదుగురే ఉండేవాళ్ళు. 2004లో ఎనిమిది, 2014లో పది అయ్యారు. 2020లో కోవిడ్ వచ్చి ఎవడు ఎప్పుడు పడకేస్తాడో తెలీక 16 చేశారు. కోవిడ్ తగ్గినా ఆ 16 మాత్రం తగ్గలేదు. 2024 నుంచి విదేశీ ఆటగాడి కోసం ఒక్కో జట్టుకి అదనంగా పదిహేడో చోటు కూడా ఇచ్చారు. ఆ 16లో ఆరు చోట్లు ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా ఇవ్వొచ్చు, ఫ్లాకో వచ్చింది ఆ దారినే. మిగతావి కొత్తవాళ్ళకి.

పనేంటి? వారమంతా జట్టుతో పాటే సాధన. ఇంకా చెప్పాలంటే వచ్చే ఆదివారం ఎదుర్కోబోయే జట్టులాగా నటించడం. అవతలి జట్టు ఎత్తులన్నీ వీళ్ళు నేర్చుకుని మనవాళ్ళ మీద ప్రయోగిస్తారు, మనవాళ్ళు వీళ్ళని పడగొట్టి రాటుదేలతారు. ఆదివారం వచ్చేసరికి వీళ్ళకి మ్యాచ్ లేదు. క్రికెట్లో నెట్ బౌలర్ లాగా అనుకోండి. మన నటరాజన్ 2020 ఆఖర్లో ఆస్ట్రేలియాకి నెట్ బౌలర్ గానే వెళ్ళి అదే టూర్లో మూడు ఫార్మాట్లూ ఆడేశాడు, గుర్తుందిగా. అలాంటి అవకాశం కోసం ఎదురుచూస్తూ ఉండటమే వీళ్ళ బతుకు.

జీతం సంగతి చూద్దాం. 2025 సీజన్లో ప్రాక్టీస్ స్క్వాడ్ కుర్రాడికి వారానికి 13,000 డాలర్లు. 18 వారాలూ ఉంచితే 2,34,000. అబ్బో అనకండి. అదే 53లో ఉన్న అతి కొత్త కుర్రాడికి కనీస జీతం ఆ ఏడాది 8,40,000 డాలర్లు, అంటే వారానికి 46,667 దాకా. అదే మైదానం, అవే దెబ్బలు, మూడో వంతు కంటే తక్కువ జీతం. పైగా '18 వారాలూ ఉంచితే' అన్నమాట చాలా పెద్దది. ఏ మంగళవారమైనా పొమ్మనొచ్చు, నోటీసు లేదు.

ఆదివారం ఒక్కరోజు మొగుడు

ఇప్పుడు నాకు బాగా నచ్చిన రూలు. దీన్ని ఎలివేషన్ అంటారు. మ్యాచ్ కి ముందురోజు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దరిదాకా పైకి తీసుకోవచ్చు. ఆ ఒక్క మ్యాచ్ కి వాళ్ళకి జట్టు జీతమే ఇవ్వాలి. మ్యాచ్ అవ్వగానే మళ్ళీ వెనక్కి. అయితే ఒకే మనిషిని సీజన్లో మూడుసార్లే ఇలా వాడుకోవచ్చు (2022కి ముందు రెండుసార్లే). నాలుగోసారి కావాలంటే వాడిని 53లోకి తీసుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఫ్లాకో కూడా ముందు ఎలివేషన్ మీద ఆడి, తర్వాత జట్టులోకి వచ్చాడు. బ్రౌన్స్ ని ప్లేఆఫ్స్ కి తీసుకెళ్ళి, ఆ ఏడాది కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు కూడా కొట్టాడు. ఆ డిసెంబరులో మా ఆఫీసులో పని జరగలేదంటే నమ్మండి.

దీని రెండో మొహం కూడా చూడాలి. 2020 నవంబరు 29న డెన్వర్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ లు అందరూ కోవిడ్ నిబంధనల వల్ల ఒకేసారి మ్యాచ్ కి దూరమయ్యారు. ప్రాక్టీస్ స్క్వాడ్ లో కెండల్ హింటన్ అనే కుర్రాడున్నాడు. కాలేజీలో ఎప్పుడో క్వార్టర్‌బ్యాక్ గా ఆడి, తర్వాత వైడ్ రిసీవర్ గా మారిపోయినవాడు. ఒక్కరోజు ముందు చెప్పి దింపారు. తొమ్మిది పాసులు విసిరితే ఒకటే చేరింది, రెండు అవతలివాళ్ళ చేతిలో పడ్డాయి. మ్యాచ్ 31-3తో పోయింది. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఆ రోజు మణికట్టుకి కట్టుకున్న ఎత్తుల పట్టీని హాల్ ఆఫ్ ఫేమ్ లో పెట్టారు.

అది చదివినప్పుడు నాకు 2020లో మా ప్రాజెక్టు గుర్తొచ్చింది. మా బిల్లబుల్ సీనియర్ కి కోవిడ్ వచ్చి మూడు వారాలు మంచాన పడ్డాడు. ఆ మూడు వారాలూ నైట్ సపోర్ట్ నేనే చేశా. షాడోకి క్లయింట్ సిస్టమ్ లో ఐడీ ఇవ్వరు కాబట్టి ఆయన ఐడీతోనే లాగినయ్యా (తప్పే, తెలుసు). రిలీజ్ సాఫీగా అయింది. క్లయింట్ నుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది, ఆయన పేరు మీద. ఆయన మంచివాడు, ఫోన్ చేసి "నీదేరా ఇదంతా" అన్నాడు. కానీ అప్రైజల్లో నా పేరెదురుగా ఉన్న మాట మాత్రం 'అన్‌బిల్డ్'. రేటింగ్ బెల్ కర్వ్ అడుగున పడింది. హింటన్ ఓడిపోయినా ఆ మ్యాచ్ అతని పేరు మీదే ఉంది చూడండి, ఆ రోజు జీతం కూడా.

తలుపు ఎటువైపు తెరుచుకుంటుంది?

అన్నిటికంటే ముఖ్యమైన రూలు ఇది. ప్రాక్టీస్ స్క్వాడ్ లో ఉన్నవాడిని వేరే ఏ జట్టైనా వచ్చి తీసుకెళ్ళొచ్చు. షరతులు కొన్నే. తమ ప్రాక్టీస్ స్క్వాడ్ లోకి తీసుకెళ్ళడానికి వీల్లేదు, 53లోకే తీసుకోవాలి. కనీసం మూడు వారాల జీతం ఇచ్చి తీరాలి. ఈ వారం మీతో ఆడబోయే జట్టు రహస్యాల కోసం ఆఖరి నిమిషంలో మీ కుర్రాడిని లాక్కోకుండా ఆరు రోజుల అడ్డుకట్ట ఒకటుంది. 2020లో వారానికి నలుగురిని 'వీళ్ళ జోలికి రావద్దు' అని కాపాడుకునే వెసులుబాటు కూడా జట్లకి ఇచ్చారు, అదీ ఆ వారం మ్యాచ్ వరకే. ఇవి తప్పితే సొంత జట్టు ఆపలేదు. ఉంచుకోవాలనుకుంటే ఒకటే దారి, "నువ్వే మా 53లోకి రా" అనాలి. వెళ్ళాలా ఉండాలా అన్నది కుర్రాడి ఇష్టం.

ఈ తలుపు తెరిచి ఉండబట్టే కొందరు బయటపడ్డారు. ఏరియన్ ఫాస్టర్ ని 2009 డ్రాఫ్ట్ లో ఎవరూ ఎంచుకోలేదు, హ్యూస్టన్ ప్రాక్టీస్ స్క్వాడ్ లో కూర్చున్నాడు. మరుసటి ఏడు 1,616 గజాలు పరిగెత్తి లీగ్ మొత్తానికే మొదటివాడయ్యాడు. జేసన్ పీటర్స్ కూడా 2004లో అలా మొదలైనవాడే, తర్వాత తొమ్మిదిసార్లు ప్రో బౌల్ కి ఎంపికయ్యాడు. ఇలాంటివాళ్ళు కొందరే, మిగతావాళ్ళ పేర్లు మనకి తెలీవు. ఆ సంగతి మర్చిపోయి 'కష్టపడితే ఎవరైనా' అంటూ స్ఫూర్తి కథలు చెప్పడం నాకిష్టం లేదు.

ఇంకో అన్యాయం కూడా ఉంది. స్క్వాడ్ లో గడిపిన వారాలు అనుభవం కింద లెక్కలోకి రావు. అక్కడ 'ఒక సీజన్ అనుభవం' అనాలంటే కనీసం ఆరు మ్యాచుల కాలం పూర్తి జీతం మీద జట్టులో ఉండాలి. ఫ్రీ ఏజెన్సీ లాంటి హక్కులన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. అయిదారు నెలలు దెబ్బలు తిన్నా లెక్కలో సున్నా. ఇది మాత్రం అచ్చం మన షాడోనే.

ఈ రూల్సు ఊరికే రాలేదు

1989లో ఎన్ఎఫ్ఎల్ యజమానులు ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు జట్టుకి ఆరుగురు, వారానికి 1,000 డాలర్లు, అందరికీ ఒకటే రేటు అన్నారు. ఆటగాళ్ళ యూనియన్ "కుదరదు, ఎవడి జీతం వాడు బేరమాడుకోవాలి" అంది. చర్చలు ఆగిపోయాయి. యజమానులు ఏకపక్షంగా ఆ 1,000నే అమలు చేసేశారు. 1990లో 235 మంది ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. పోటీ లేకుండా 32 మంది, అప్పట్లో ఇంకా తక్కువమంది, యజమానులు కూడబలుక్కుని జీతం ఖరారు చేయడం చట్టవిరుద్ధం అన్నది వాళ్ళ వాదన. కింది కోర్టులో గెలిచారు, పరిహారం మూడురెట్లు చేస్తే 3 కోట్ల డాలర్లు దాటింది. పై కోర్టులో పోయింది. 1996లో సుప్రీం కోర్టు కూడా 8-1తో యజమానుల పక్షానే తీర్పిచ్చింది. యూనియన్ తో బేరసారాల క్రమంలో జరిగిన పనికి ఆ పోటీ చట్టం వర్తించదు, తేల్చుకోవాల్సింది బేరం బల్ల దగ్గరే అని సారాంశం. ఒప్పుకోని ఒక్కరు జస్టిస్ స్టీవెన్స్.

నాకు ఇందులో ఆసక్తి కలిగించింది తర్వాత జరిగింది. కేసు ఓడిపోయారు. అయినా ఆ 1,000 కాస్తా 13,000 అయింది, మూడు వారాల జీతం గ్యారంటీ వచ్చింది, మూడు ఎలివేషన్ల హద్దు వచ్చింది. బేరం బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఉన్నారు కాబట్టి వచ్చాయి. 2020 ఒప్పందానికి ఆటగాళ్ళు ఓట్లేస్తే 1,019 - 959. అంత తక్కువ తేడా! అంటే చదువుకుని, తిట్టుకుని, ఆలోచించే ఓటేశారన్నమాట.

మన దగ్గర యూనియన్ మాటెత్తితే క్యాంటీన్లో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వినవాణ్ణే. సరే, యూనియన్ సంగతి పక్కన పెడదాం. కనీసం రూలు కాగితం మీద ఉండాలా వద్దా? షాడోగా ఎన్నాళ్ళు ఉంచొచ్చు? ఎవడికి తెలుసు! మేనేజరు మూడ్ కి తెలుసు. ఫుట్‌బాల్ కుర్రాడికి 'ఇంకో రెండు మ్యాచులు ఆడిస్తే నన్ను జట్టులోకి తీసుకుని తీరాలి' అని లెక్క తెలుసు. నాకు తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా లెక్క తెలీలేదు.

"అక్కడ వారంలో పొమ్మంటారు, మనకి నెల నెలా జీతం, పీఎఫ్ వస్తున్నాయి కదా" అని మీరనొచ్చు. నిజమే, ఒప్పుకుంటా. అభద్రతలో వాళ్ళది మనకంటే ఘోరం, మోకాలు పోతే కెరీరే పోతుంది. ఆ ఉద్యోగం మనకి కావాలనట్లేదు. క్రూరమైన ఉద్యోగానికి కూడా స్పష్టమైన రూల్సు రాయొచ్చని మాత్రమే అంటున్నా.

ఇక నా సంగతి

ఇంతవరకూ చదివి 'పాపం, ఈయనకి అన్యాయం జరిగింది' అనుకుంటున్నారేమో. ఆగండి.

ఇప్పుడు నేను లీడ్ ని. ఆఫ్‌షోర్ లో నా కింద ముగ్గురు షాడోలు ఉండేవాళ్ళు. అందులో ఒకడు బంగారం. చెప్పింది చెప్పినట్టు చేయడమే కాదు, చెప్పనిది కూడా పట్టుకునేవాడు. ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, వేరే అకౌంట్ వాళ్ళు ఇంటర్వ్యూ చేశారు. బిల్లింగ్ లోనే తీసుకుంటామన్నారు. రిలీజ్ ఎప్పుడిస్తారన్నా?"

నేనేమన్నానో తెలుసా? "ఈ క్వార్టర్ అయిపోనీరా, మనదగ్గరే బిల్లింగ్ వస్తుంది, నేను చూస్తాగా" అన్నాను. మేనేజరుకి రాసిన మెయిల్లో మాత్రం 'క్రిటికల్ రిసోర్స్, రిలీజ్ చేయలేం' అని రాశా. క్రిటికల్ అట! అంత క్రిటికల్ అయితే బిల్లింగ్ లో ఎందుకు పెట్టలేదని నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. క్వార్టర్ అయింది. బడ్జెట్ రాలేదు. అవతలి అకౌంట్ వాళ్ళు ఇంకొకరిని తీసుకున్నారు. మా దగ్గర ఖర్చు తగ్గించమంటే మొదట తీసేసింది అన్‌బిల్డ్ వాళ్ళనే. వాడు బెంచీ మీదకెళ్ళాడు, మూడు నెలల తర్వాత కంపెనీయే మానేశాడు. వెళ్ళేటప్పుడు నాకు మెసేజ్ పెట్టాడు, "థాంక్స్ అన్నా, చాలా నేర్చుకున్నా మీ దగ్గర" అని. తిట్టి ఉంటే బాగుండేది.

ఎన్ఎఫ్ఎల్ లో అయితే నేను ఆ మెయిల్ రాయలేను. రాసినా చెల్లదు. "ఉంచుకోవాలా? అయితే 53లోకి తీసుకో. లేకపోతే వదిలెయ్" అంటుంది రూలు. వాడికీ నాకూ మధ్య అలాంటి రూలొకటి ఉండుంటే నా మంచితనం మీద వాడి ఉద్యోగం ఆధారపడేది కాదు. నేను చెడ్డవాణ్ణేం కాదు, నాకు డెలివరీ భయం, అంతే. కానీ భయపడేవాడి చేతిలో ఇంకొకడి తలుపు తాళం పెట్టకూడదు. 2020లో నా తాళం పట్టుకున్న మేనేజరు కూడా ఇలాగే భయపడ్డాడేమో అని ఇప్పుడనిపిస్తోంది.

కంపెనీ పాలసీ మార్చేంత సీను నాకు లేదు. నా ముగ్గురు నలుగురి వరకూ మాత్రం కొన్ని పెట్టుకున్నా. షాడోగా చేరిన రోజే తేదీ చెప్తా, ఫలానా నెల దాటితే బిల్లింగో రిలీజో తేల్చేస్తా అని. ప్రొడక్షన్ రిలీజ్ మూడుసార్లు ఒంటిచేత్తో చేస్తే నాలుగోసారికి ముందు వాడి బిల్లింగ్ కోసం రాతపూర్వకంగా అడుగుతా. వేరేవాళ్ళు బిల్లింగ్ లో తీసుకుంటామంటే ఆపను. చేసిన పని వాడి పేరు మీదే క్లయింట్ కి కనపడేలా చూస్తా. మొదటి నెలలోనే మా మేనేజరు "నువ్వు మరీ టీమ్ ని పాడుచేస్తున్నావ్" అన్నాడు. ఇద్దరు వెళ్ళిపోయారు కూడా. నాకు పని పెరిగింది, శనివారాలు కూర్చుంటున్నా. ఉన్నమాట చెప్పాలిగా.

మీలో లీడ్లు, మేనేజర్లు చాలామంది ఉంటారు. మీ ఎక్సెల్ షీట్లో జీరో బిల్లింగ్ అని ఎర్రరంగు కొట్టిన వరుసలు ఎన్నున్నాయో ఒకసారి చూడండి. వాళ్ళలో ఎవరిదైనా రిలీజ్ రిక్వెస్ట్ మీ మెయిల్లో జవాబు లేకుండా పడి ఉందేమో కూడా చూడండి.

రేపు సోమవారం. బ్రౌన్స్ సంగతి నన్నడక్కండి :)